బిట్టు విరగని చెయ్యి

కంబదూరులో బస్సులు నిలబడే చోట, తిరుపాలమ్మ టీ అంగడి ముందర ఒక పొడుగాటి నాపబండ ఉండేది. ఆ ఏడు ఆ బండ ఖాళీగా కనపడిన పూట లేదు. వరసగా మూడో ఏడు కూడా వాన మొహం చాటేసింది. విత్తిన శనక్కాయ భూమిలోనే మాడిపోయింది. ఎద్దులున్నవాళ్ళు ఎద్దులను సంతకు తోలుకుపోయినారు, గొర్లున్నవాళ్ళు గొర్లను తోలుకుపోయినారు, ఏమీ లేనివాళ్ళు పిల్లాజెల్లాతో బెంగుళూరు బస్సెక్కినారు. పోలేక మిగిలినవాళ్ళు ఆ బండ మీద కూర్చునేవాళ్ళు. చేసేందుకు పని లేదు, ఇంట్లో ఆడవాళ్ళ మొహాలు చూసే ధైర్యమూ లేదు.

ఆ బండ మీద మాటలకు పెద్ద హనుమంతరాయుడు.

ఆయనకు యాభై దాటినాయి. వయసులో ఉన్నప్పుడు బెంగుళూరులో ఒక వర్క్‌షాపులో ఇనుముకు బెజ్జాలు వేసే మిషను మీద పని చేసినాడు. ఆ వర్క్‌షాపు మూతబడితే ఊరికొచ్చి, ఇంటి ముందర రేకుల షెడ్డు వేసి, పాత డ్రిల్లింగ్ మిషనొకటి తెచ్చి పెట్టుకున్నాడు. బావుల్లో నీళ్ళున్నన్నాళ్ళు బాగానే జరిగింది. పంపుసెట్లు చెడిపోయేవి, ఇంజన్లు మొరాయించేవి, రైతులు షెడ్డు ముందర కాపు కాసేవాళ్ళు. బావులు ఎండిపోయినాక ఇంజన్లకు చెడిపోయే పని కూడా లేకపోయింది. మిషను మీద ఆయన పెండ్లాం భద్రమ్మ గోనెసంచి కప్పింది. ఆ సంచి మీద కోడి గుడ్లు పెట్టేది. పొద్దున లేస్తూనే ఆ సంచి చూడలేక హనుమంతరాయుడు బండ దగ్గరికి వచ్చేసేవాడు.

వచ్చినవాడు ఊరికే కూర్చోలేడు కదా. బెంగుళూరు సంగతులు చెప్పేవాడు. మొదట్లో జరిగింది జరిగినట్టు చెప్పినాడు, ఎవరూ తలెత్తి చూడలేదు. కొంచెం పెంచి చెబితే ఈరన్న పెదవులు కదిలినాయి. ఇంకా పెంచితే బసప్ప నవ్వినాడు. ఈరన్న గొర్లమంద పోగొట్టుకున్నవాడు. బసప్ప తన చేనులో బోరు వేయిస్తే నీళ్ళకు బదులు తెల్లటి దుమ్ము లేచిన పెద్దమనిషి. అట్లాంటి ఇద్దరు నవ్వితే, చాలా కాలానికి తన చేతికి ఒక పని దొరికినట్టు అనిపించింది హనుమంతరాయునికి. అప్పటినుంచి ఆయన ఆ పనే చేస్తున్నాడు.

ఒకరోజు మధ్యాన్నం కళ్యాణదుర్గం నుంచి వచ్చిన బస్సులో ఒక రైతు దిగినాడు. పేరు శ్రీరంగప్ప. చంకలో గోనెపట్టలో చుట్టిన బరువైన వస్తువు ఉంది. అది ఆయన పంపుసెట్టు ఇరుసు. పాతది అరిగిపోతే కొత్తది చేయించినాడు. చేసినవాడు తొందరపడి, పిన్ను దూరే బెజ్జం వెయ్యకముందే ఉక్కును కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచేసినాడు. ఇక దానిలోకి బెజ్జం వేసే బిట్టు దిగడం లేదు. కళ్యాణదుర్గంలో దించిన బిట్టల్లా పటుక్కుమని విరిగింది. చుట్టుపక్కల బావులన్నీ ఎండినా శ్రీరంగప్ప బావిలో దేవుడి దయవల్ల ఇంకా నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు ఎక్కితేనే ఆయన చీనీతోట, ఆ బత్తాయి చెట్లు, బతుకుతాయి. బిందెలతో మోసి పోస్తే చెట్టుకు పెదవి తడుపు మాత్రం. ఆకులు ముడుచుకోవడం అప్పటికే మొదలైంది. కళ్యాణదుర్గంలో ఒక ముసలి కమ్మరి ఆయన ఏడుపు మొహం చూసి, "కంబదూరులో హనుమంతరాయుడని ఒకాయన ఉండాడు. బిట్టు విరగనియ్యడు. పోయి అడుగు" అని చెప్పినాడు.

ఈ సంగతేదీ హనుమంతరాయునికి తెలియదు. ఎవరో బస్సు మారే మనిషి అనుకున్నాడు.

శ్రీరంగప్ప బండ చివర కూర్చుని టీ చెప్పినాడు. ఫలానా మనిషి ఇల్లు ఎక్కడని అడగబోతూ ఉండగానే ఈరన్న, "హనుమంతరాయుడు మామా, పొద్దు పోతాండలేదు, ఏమన్నా చెప్పు" అన్నాడు. శ్రీరంగప్ప తలెత్తి చూసినాడు. తాను వెతుకుతున్న మనిషి ఎదురుగానే ఉన్నాడు. పెద్దాయన మాటకు అడ్డం పోవడం ఎందుకులే, ముగించినాక అడుగుదామని ఊరకున్నాడు.

"ఏం చెప్పమంటావురా," అని హనుమంతరాయుడు గొంతు సవరించుకున్నాడు. "బెంగుళూరులో ఉన్నప్పుడు ఒగ దినం నూనె మిల్లాయన ఒగ ఇరుసు తెచ్చినాడు. నా మణికట్టంత లావు. దాంట్లోకి పిన్ను పోయేదానికి బొక్క గావల్ల. అదెంత పని అనుకుంటారు మీరు. కాదు. అది కాల్చి నూనెలో ముంచి గట్టి చేసిండే ఉక్కు. ఆకురాయి పెట్టి గీకితే ఆకురాయే జారిపోతాది, గీత పడదు. మా మేస్త్రి బిట్టు దించినాడు, విరిగె. ఇంకొగాయన దించినాడు, విరిగె. నేను చెప్పినా, ఉండండప్పా, దాంతో కొట్లాడొద్దండి అని. బొక్క గావల్సిన తావును ఎర్రగా కాల్చి, కట్టెల బూడిదలో పూడ్చిపెట్టినా. నీళ్ళు తగలగూడదు, గాలి తగలగూడదు. దాని పాటికి అది సల్లబడల్ల. అట్ల సల్లబడితే ఎంత మొండి ఉక్కయినా మెత్తనైతాది. మర్నాడు బిట్టుకు కొత్తగా పదును పెట్టి, మిషను నిదానంగా తిప్పుకుంటా, నూనె చుక్క చుక్క వదులుకుంటా దించినా. ఒత్తితే ఒకే తీరుగా ఒత్తల్ల. పైపైన రాసుకుంటా కూచుంటే ఆడ ఉక్కు మళ్ళీ మొండికేస్తాది. అడుగు చేరేటప్పుడు ఇంకా నిదానం. బొక్క పడె. బిట్టు విరగలే. మళ్ళీ కాల్చి గట్టి చేసి ఆయప్పకిచ్చి పంపిస్తి."

అది అక్షరం పొల్లుపోకుండా జరిగిన సంగతి. శ్రీరంగప్ప టీ గ్లాసు పక్కన పెట్టినాడు. ఆయన కళ్ళు వెడల్పయినాయి. కానీ హనుమంతరాయుడు చూస్తున్నది ఈరన్న మొహంలోకి.

ఈరన్న ఆవులించినాడు. "అంతేనా మామా? ఒగ బొక్క. దానికి రెండు దినాలు."

"రాయుడు ఈ పొద్దు తిండి తినకుండా వచ్చినాడేమో," అన్నాడు బసప్ప.

తిరుపాలమ్మ గూడా పొయ్యి కాడ నుంచి తల తిప్పలేదు. హనుమంతరాయునికి ఒళ్ళు మండింది. తన బతుకులో చేసిన మంచి పనుల్లో అదొకటి. దానికి ఆవులింత.

"అంతేనంటావా? ఆ తర్వాత ఏమైందో తెలుసునా?" అన్నాడు.

"అన్నా, నాదొక చిన్న..." అని శ్రీరంగప్ప నోరు తెరిచినాడు.

"ఉండప్పా, అసలు సంగతి ఇప్పుడుండాది," అని హనుమంతరాయుడు చెయ్యి అడ్డం పెట్టినాడు. "ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి రైలోళ్ళ చెవిన పడింది. జీపేసుకోని వచ్చినారు. వాళ్ళ ఇంజను ఇరుసుకు బొక్క గావల్లంట. పోయి చూస్తే యామి ఇరుసప్పా అది, చింతమాను మొదలంత లావు! విరిగిన బిట్లు శనక్కాయ వామి మాదిరి కుప్ప పోసిండారు. పనోళ్ళంతా ఆ కుప్ప చుట్టూ కూర్చోని శవం కాడ ఏడ్చినట్ల ఏడుస్తాండారు. నేను ఎవురితోనూ మాట్లాడలే. ఇరుసుకు చెవి ఆనించి విన్నా. మనిషికున్నట్ల ఉక్కుకూ నాడి ఉంటాది. అది ఊపిరి వదిలే పొద్దు చూసి బిట్టు దించినా. తిరుపాలమ్మ టీ వడగట్టే లోపల ఈ పక్క దించిన బిట్టు ఆ పక్కన తేలె! తీసి చూస్తే ముందుకంటే సూదిగా ఉండాది. అరగాల్సింది పోయి పదునెక్కింది. స్టేషన్ మాస్టరు తన టోపీ తీసి నా నెత్తిన పెట్టేసినాడు!"

ఈరన్న నిటారుగా కూర్చున్నాడు. "ఆ టోపీ యాడుండాది మామా?"

"మేక తినింది."

బసప్ప కిసుక్కుమన్నాడు. తిరుపాలమ్మ గూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హనుమంతరాయునికి గుండె నిండినట్టయింది.

"అన్నా," అని శ్రీరంగప్ప మళ్ళీ మెల్లగా అందుకున్నాడు, "ఆ నూనె మిల్లు ఇరుసు బూడిదలో పూడిస్తినంటివే, యా కట్టెల బూడిద? ఇరుసు మొత్తం పూడ్చల్లనా, బొక్క తావు మాత్రమేనా?"

మంచి ఊపులో ఉన్న మనిషిని గొంతు పట్టి వెనక్కి లాగినట్టయింది. ఈ మనిషికి రుచి తెలిసినట్లు లేదే అనుకున్నాడు హనుమంతరాయుడు. "ఏదో ఒగ బూడిదలేప్పా. అది చిన్న పిల్లోళ్ళ పని. విను. ఆ తర్వాత పటాలం దొర వచ్చినాడు. మీసాలు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా. లారీలో ఒగ ఉక్కు తలుపు తెచ్చినాడు. ఫిరంగి పేలిస్తే గుండే చపాతీ మాదిరి అతుక్కోని కిందపడే ఉక్కు అది. దీనికి బొక్క పెడితే నువ్వు మొగోడివి అన్నాడు. నేను చేతులు కడుక్కోని, బిట్టును ఊరికే దానికి చూపించినా. చూపించినానంతే! ఉక్కు దాని పాటికి అది నోరు తెరిచె. దొర నమ్మలే. కనికట్టు అన్నాడు. అయితే తుపాకి పేల్చమన్నా. ఉక్కు గుండు వేసి పేల్చినాడు. గుండు పోతాంది. నేను చేతి మిషను పట్టుకోని దాని ఎనకాల పరిగెత్తి..."

"పొయ్యే గుండుకా మామా!"

"పొయ్యే గుండుకే! దాని పక్కన పరిగెత్తుకుంటా, నడి మధ్యలో, సూత్రం పూసకు పెట్టినట్ల బొక్క పెట్టినా. గుండు పోయి కొయ్యకు తగిలితే దొర తీసి చూసుకున్నాడు. దారం ఎక్కించి పెండ్లాం మెడలో కట్టినాడు."

"బిట్టు?" అన్నాడు బసప్ప, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ.

"విరిగిందని విన్నావా ఎప్పుడన్నా?"

ముగ్గురూ నవ్వుతున్నారు. బండ చివర కూర్చున్న మనిషి మాత్రం నవ్వడం లేదు. ఒళ్ళోని గోనెపట్ట అంచులు దగ్గరికి లాగి బిగించి కట్టుకుంటున్నాడు. అది హనుమంతరాయుని కంట పడింది. ఆశ్చర్యంతో మనిషికి మాట పడిపోయింది అనుకున్నాడు. ఈయన్ను గూడా నవ్వించాలని పట్టుదల పుట్టింది. మనుషులు కూర్చుని తన మాట వినడం, ఇంకా చెప్పు అన్నట్టు చూడడం, ఆ చూపుల్లో ఆయనకు షెడ్డు గుర్తు లేదు, సంచి గుర్తు లేదు, ఆ పూట ఇంట్లో పొయ్యి రాజుకునిందో లేదో గుర్తు లేదు. ఇంకా పైకి పోవాలి. పోవడానికి మెట్టు ఏది అని వెతుక్కుంటే నోటికి ఏది తోస్తే అది వచ్చింది.

"అదంతా ఒగెత్తు. ఆఖరికి ఏమైందో తెలుసునా? సీమదేశం నుంచి ఓడలో ఒగ ఉక్కుగుండు వచ్చింది. ఇంటంత గుండు. భూమి పుట్టినప్పుడు పుట్టిన ఉక్కంట, దాన్ని ముట్టుకున్న బిట్టల్లా పిండైపోతాదంట. ఆ దేశపోళ్ళంతా చేతులెత్తేసి, హనుమంతరాయుడు యాడుండాడు అని అడుక్కుంటా బెంగుళూరుకు వచ్చినారు. జనం మిద్దెలెక్కి చూస్తాండారు. నేను బిట్టు దించినా. పోతాంది, పోతాంది, దానికి అడుగనేదే లేదు. ఉన్నట్టుండి బిట్టుకు చల్లగా తగిలింది. ఏందప్పా ఇది అని పైకి తీస్తే... నీళ్ళు! ఉక్కులో నుంచి నీళ్ళు! తాటిమానెత్తు ఎగజిమ్మినాయప్పా! తియ్యటి నీళ్ళు! వీధులకు వీధులే మునిగిపోయినాయి, జనం బిందెలు తెచ్చుకుంటాండారు, బర్రెలు ఈదుతాండాయి, నేను నడుముల్లోతు నీళ్ళల్లో నిలబడి..."

ఎవరూ నవ్వలేదు.

బసప్ప తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. ఆయన బోరు గొట్టంలో నుంచి తెల్లదుమ్ము లేచిన పొద్దు ఊరంతా బిందెలతో నిలబడి చూసింది. బోరు బండి వెళ్ళిపోయినా ఆయన చాలా సేపు ఆ గొట్టం కాడే నిలబడి ఉన్నాడు. ఈరన్న ముఖం తిప్పుకుని రోడ్డు వంక చూస్తున్నాడు. నీళ్ళు లేక గొర్లు ఎట్ల చచ్చినాయో వాడికే తెలుసు. తిరుపాలమ్మ గ్లాసులు కడిగిన నీళ్ళనే ఇంకో చెంబులోకి వంచుకుంటూ, "చాల్లే అన్నా," అనింది మెల్లగా.

నీళ్ళ జోలికి పోకూడదని హనుమంతరాయునికి అప్పుడు తట్టింది.

దూరంగా అనంతపురం బస్సు దుమ్ము లేపుకుంటూ వస్తున్నది. శ్రీరంగప్ప లేచి నిలబడినాడు. మూట చంకలో పెట్టుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేదని హనుమంతరాయునికి తర్వాత చాలాసార్లు అనిపించింది.

"అన్నా, నేను నీ కోసమే వచ్చినా. కళ్యాణదుర్గం కమ్మరి నీ పేరు చెప్పినాడు. ఇది నా పంపుసెట్టు ఇరుసు. గట్టి చేసినాక బొక్క పడక ఊరూరూ తిప్పుతాండా. నువ్వు నూనె మిల్లాయన సంగతి చెబుతాంటే నాకు ప్రాణం లేచొచ్చింది. లేచి నీ కాళ్ళకు మొక్కి దీన్ని నీ చేతుల్లో పెడదామనుకున్నా. మంచిదాయె, పెట్టలే."

హనుమంతరాయుడు నిలువునా లేచినాడు. సంవత్సరం దాటిపోయింది, ఒక మనిషి ఒక ఇనుపముక్క పట్టుకుని తన కోసం వచ్చి. "ఇటియ్యప్పా! ఇట్లివ్వు. నేను చేస్తా. మిషనుండాది, బిట్లుండాయి. నా పెండ్లాం బూడిద చెయ్యదా, కట్టెలు లేవా..."

"వద్దన్నా."

"ఆ మొదుటిది నిజమప్పా! తల్లితోడు, అది నిజంగా నేను చేసిండే పని!"

"నిజమే అయ్యుండొచ్చు," అన్నాడు శ్రీరంగప్ప. "నాకెట్ల తెలుస్తాది? నిజం యాడ అయిపోయిందో, కోత యాడ మొదలైందో నాకు తెలీలే. ఎగిరే గుండుకు బొక్క పెట్టినోడివి, సముద్రమంత నీళ్ళు తీసినోడివి, నీ అంత మొగోణ్ణి మా తోటలో చెట్లు నమ్మలేవన్నా. బిడ్డల మాదిరి సాకినవి. ఈ ముక్క గూడా పగిలిందంటే వాటి కాడికి ఏ మొహం పెట్టుకోని పోదును?"

"హనుమంతరాయుడు పని మంచోడేప్పా," అని బసప్ప గొణిగినాడు గానీ, అప్పుడే కదా పొట్ట పట్టుకుని నవ్వింది, ఆ మాట ఆయనకే బలంగా అనిపించలేదు. బస్సొచ్చి నిలబడింది. శ్రీరంగప్ప ఎక్కి కిటికీ పక్కన కూర్చుని మూటను ఒళ్ళో పెట్టుకున్నాడు.

హనుమంతరాయుడు కిటికీ కడ్డీలు పట్టుకున్నాడు. "అనంతపురంలో ఎవురి కాడికి పోతాండావు? వాళ్ళు తెలివిడి లేకుండా బిట్టు దించుతారప్పా, ముక్క లోపలే విరిగి ఇరుక్కుంటాది..."

"దేవుడుండాడన్నా," అని ఆయన కళ్ళు మూసుకున్నాడు.

బస్సు కదిలింది. హనుమంతరాయుడు కడ్డీలు వదల్లేదు. నాలుగడుగులు పక్కన నడిచినాడు, తర్వాత పరిగెత్తినాడు. చెయ్యి జారిపోయింది. అయినా నిలబడకుండా, పంచె ఎగగట్టి, నడిరోడ్డు మీద బస్సు వెనకాల పరిగెత్తుకుంటూ అరుస్తున్నాడు.

"కాల్చేటప్పుడు పండు మిరపకాయ రంగు రావల్ల! తెల్లగా కానియ్యొద్దని చెప్పు! తుమ్మకట్టెల బూడిద, జల్లెడ పట్టి, తేమ లేకుండా! తొందర చేస్తే పగుల్తాది, చెప్పప్పా వాళ్ళకు! బిట్టు మొన మొద్దుగా పట్టించమను, సూదిగా వద్దు! వింటాండావా? వింటాండావా?"

బండ మీద నుంచి చూస్తే ఏమి కనపడుతుంది? తలపాగా ఊడిపోయి, చేతులు గాల్లో తిప్పుతూ, బస్సు వెనకాల దుమ్ములో పరిగెత్తే ముసలి మనిషి. అప్పటిదాకా బిగబట్టుకున్న ఈరన్న పకపకమని నవ్వినాడు. "మామ బస్సుకు గూడా బొక్క పెట్టేట్టుండాడప్పో!" అన్నాడు. బసప్ప ఆపుకోలేకపోయినాడు. తిరుపాలమ్మ గూడా వద్దనుకుంటూనే నవ్వింది. ఆ ఏడంతా కంబదూరులో ఎవరూ అంత నవ్వు నవ్వలేదు.

ఆ నవ్వు ఆయనకు వినపడింది. బస్సు మలుపు తిరిగిపోయింది. హనుమంతరాయుడు రోడ్డు మధ్యలో ఆగి, ఆయాసపడుతూ, ఎంత నిదానంగా దించాలో, నూనె ఎప్పుడు వదలాలో, ఇంకా చెబుతూనే ఉన్నాడు.